గడ్డిమంటకు కాగిన డబ్బా

సిరిసిల్లలో అబద్ధం చెప్పాలంటే అరిచి చెప్పాలి. మరమగ్గాలను ఈ ఊళ్లో సాంచాలంటారు. పొద్దున్నే సాంచాలు మొదలయ్యాయంటే, మెల్లగా చెప్పిన అబద్ధం పక్కనున్న మనిషికి కూడా చేరదు. అందుకని ఆ బుధవారం ఐలయ్య ఫోను చెవికి ఆనించుకుని వీధంతా వినేలా అరిచాడు.

"ఉన్నదమ్మా! పదిలంగ ఉన్నది! మా బాపు దరువు నా డబ్బలనే ఉన్నది, యాడికి పోతది? నువ్వు ఐతారం రా!"

ఫోను పెట్టేసి చూస్తే, గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న దుర్గవ్వ చేతులు ఆగి ఉన్నాయి. ఇన్నేళ్ల కాపురంలో బీడీల దగ్గర ఆమె చేతులు ఆగడం ఆయన చూసింది మూడో నాలుగో సార్లు. ఆగిన ప్రతిసారీ ఆయనకు మంచి జరగలేదు.

"ఎవలు?" అంది.

"దామోదర్ రావు దొర మనుమరాలు. స్పందనట. హైదరాబాదుల మిషిన్లతోని పాటలు జేస్తదట. మా బాపు దరువు గావాల్నట, పాటల కలుపుకుంటదట."

"డబ్బల ఉన్నదని జెప్పినవా?"

"జెప్పిన."

"ఉన్నదా మరి?"

"సాంచాల సప్పుడుల నువ్వు అనేది ఇనవడ్తలేదు," అన్నాడు ఐలయ్య.

"ఇనవడకుంటెనే మంచిగుంటదిలే నీకు," అని దుర్గవ్వ ఇంకో ఆకు అందుకుంది.

ఐలయ్యకు అరవై ఎనిమిది. కోరుట్లలోనో జగిత్యాలలోనో యాభై దాటినవాళ్లనడిగితే 'రిథం ఐలయ్య' అని గుర్తుపడతారు. కొందరు 'డబ్బా ఐలయ్య' అని కూడా గుర్తుపడతారు. రెండో పేరే సరైనదని ఆయనకూ కొన్నాళ్లుగా అనిపిస్తోంది.

పుట్టింది కోనరావుపేట దగ్గరి పల్లెలో. తండ్రి బాలయ్య డప్పు కొట్టేవాడు. పెళ్లికీ, చావుకూ, పీర్ల పండుగకూ, పంచాయతీ చాటింపుకూ ఆ డప్పే. దొర గడీ గేటు దాకా బాలయ్య వెళ్లేవాడు. గేటు దాటి లోపలికి అతని చప్పుడు ఒక్కటే వెళ్లేది.

చుట్టుపక్కల చాలామందే డప్పు కొట్టేవాళ్లు. అయినా బాలయ్యకు ఒక పేరుంది, అది ఒకే ఒక్క దెబ్బ వల్ల వచ్చింది. పెళ్లి బరాత్ ఒక వాడలోంచి ఇంకో వాడకు మలుపు తిరిగేచోట, పక్కన అతని జతగాడు గంగారాం, మిగతావాళ్లు లెక్కతప్పకుండా కొడుతుంటే, బాలయ్య తన దెబ్బను పట్టి ఆపేవాడు. పడాల్సిన చోట అది పడదు. ఎగిరేవాళ్ల కాలు లేచి గాల్లోనే ఉంటుంది. ఇంక రాదేమో అనుకుంటుండగా పడేది. అంతే, వాడంతా ఒక్కసారి నేల తొక్కేది. ఎంతసేపు ఆపేవాడంటే దానికి కొలత లేదు. మలుపు ఎంత ఇరుకు, జనం ఎంతమంది, పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం ఎంత బెదురుది, ఇవన్నీ చూసుకుని ఆపేవాడు. దాన్ని ఊళ్లో 'బాలయ్య మలుపు' అన్నారు.

కొడుక్కి కొట్టడం వచ్చు గానీ డప్పంటే సిగ్గు. పది మందిలో తండ్రి వెనక నడవాల్సివస్తే నాలుగడుగులు ఎడంగా నడిచేవాడు. ఇరవై ఆరో ఏట దుబాయి పోయాడు. కరీంనగర్ జిల్లా సగం దుబాయి పోతున్న రోజులవి. తక్కినవాళ్లు ఇటుకలు మోస్తే ఈయనకు వాద్యాలమ్మే దుకాణంలో నేల తుడిచే పని దొరికింది. ఆ దుకాణం అద్దాల వెనక ఒక జపాను డబ్బా ఉండేది. దాని ముఖం మీద పదహారు మీటలు, రంగురంగుల్లో వరుసగా. పైన చిన్న చిన్న గుండీలు. నొక్కితే డ్రమ్ము మోగుతుంది, తాళం మోగుతుంది, చప్పట్లు మోగుతాయి.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ కాలం పెట్టెల్లో ఎవరో ఎక్కడో కొట్టిన డ్రమ్మును రికార్డు చేసి దాచిపెడతారు. నొక్కితే ఆ దాచిన చప్పుడే బయటికొస్తుంది. ఈ పాత అనలాగ్ డబ్బాలో దాచింది ఏమీ లేదు. నొక్కినప్పుడల్లా లోపలి తీగల్లో కరెంటు ఉలిక్కిపడుతుంది, ఆ ఉలికిపాటే డ్రమ్ములా వినపడుతుంది. తయారైన రోజుల్లో వాటిని చాలామంది మెచ్చలేదు. అసలు డ్రమ్ములా లేదన్నారు. చౌకగా వదిలించుకున్నారు. ఆ చౌక డబ్బాలే దొరికినవాళ్లు దేశదేశాల్లో వాటి మీద కొత్త సంగీతం కట్టారు. ఇప్పుడు వాటికోసం జనం వెతుక్కుంటూ తిరుగుతున్నారు. దుబాయి దుకాణంలో మటుకు అద్దం వెనక నాలుగేళ్లున్నా దాన్ని అడిగినవాడు లేడు. ఐలయ్యను కూడా ఆ నాలుగేళ్లలో ఎవరూ ఏమీ అడగలేదు. దుకాణం మూసేసేటప్పుడు యజమాని ఇద్దరినీ కలిపి ఇంటికి పంపించాడు.

తిరిగొచ్చాక పెళ్లి చేసుకున్నాడు. కోరుట్లలో కుమార్ అనే కీబోర్డు అతనితో కలిసి ఆర్కెస్ట్రా పెట్టాడు. నల్ల కళ్లద్దాలు, తెల్ల బూట్లు. డప్పు భుజానికి తగిలించుకుని చెమటలు కార్చే పని లేదు; వేలితో నొక్కి చేతులు కట్టుకుని నిలబడితే చాలు, డబ్బా తనే వాయిస్తుంది. చేతులు కట్టుకుని నిలబడటానికి మనిషెందుకన్న అనుమానం ఆయనకు రాలేదు. పెళ్లివాళ్లకు వచ్చింది కానీ, అది చాలా ఏళ్ల తర్వాత.

డప్పు వదిలానని ఆయన అనుకున్నాడు. చేతులు వదల్లేదు. ఒక మాఘ మాసం కోరుట్లలో పెళ్లి. మంచు పడుతోంది, డబ్బా గొంతు మెత్తబడింది. మెత్తబడిన డప్పును ఏం చేస్తారు? గడ్డిమంట పెట్టి కాపుతారు. తోలు బిగుస్తుంది, గొంతు లేస్తుంది. పుట్టినప్పటి నుంచీ చూసిన పని కదా, ఐలయ్య ఆలోచించకుండా ఫంక్షన్ హాలు వెనక ఇంత గడ్డి అంటించి, డబ్బాను రెండు చేతులా పట్టుకుని, మంట మీద అటూ ఇటూ తిప్పాడు.

కుమార్ పరుగెత్తుకొచ్చాడు. "అన్నా! అన్నా! గది కోడి కాదే కాల్సుక తినెతందుకు!"

అప్పటికే డబ్బా ఎడమ మూల మెత్తబడి కిందికి జారి, అలిగిన పిల్లవాడి పెదవిలా అయింది. విచిత్రమేమిటంటే ఆ రోజు గొంతు నిజంగానే లేచింది. "సూషినవా? సూషినవా?" అని ఐలయ్య ఏడాది పాటు కుమార్‌ను ఊపిరాడనీయలేదు. దీనికి తోడు ప్రతి దసరాకు డబ్బాకు పసుపు కుంకుమ పెట్టేవాడు. పనిముట్టు కదా. ఏళ్ల తరబడి పెట్టిన కుంకుమ మీటల సందుల్లోకి దిగి ఆరో మీట బిగుసుకుపోయింది. దాన్ని నొక్కాలంటే ముందు తిట్టాలి.

అసలు కథ బాలయ్యది. పెళ్లయిన ఏడాదికి తండ్రి కోరుట్ల వచ్చాడు. ఐలయ్య ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చిన్నప్పటి నుంచి విన్న మలుపు దరువును పదహారు మీటల మీద పేర్చి, "బాపూ, గిదిను. ఇగ నువ్వు లేకున్నా నీ దరువుంటది," అన్నాడు. ఎంత పెద్ద మాట అన్నాడో ఆయనకప్పుడు తెలియలేదు. తెలిసినప్పటి నుంచీ అది గుర్తొచ్చి సగం అన్నం వదిలేసిన రోజులున్నాయి.

డబ్బా మోగింది. బాలయ్య కుడికాలి మడమ నేల మీంచి లేచింది. అలాగే లేచి ఉంది. దరువు ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది. ఆయన మెల్లగా మడమ దించి, భుజం మీది తువ్వాల సర్దుకుని, "కోనరావుపేట బస్సు ఎన్నింటికిరా?" అన్నాడు.

ఆశ్చర్యంతో బాపుకు నోట మాట రాలేదని ఐలయ్య ఆ సాయంత్రమే కుమార్‌కు చెప్పాడు. తర్వాత ఊరూరా చెప్పాడు.

నాలుగేళ్లకు బాలయ్య పోయాడు. ఆ మేళంలో గంగారాం పోయాడు, మిగతావాళ్లు బొంబాయి, భీవండి పోయారు. ఇంకో ఏడాదికి, జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో, మధ్యాహ్నం భోజనాల వేళ, ఐలయ్య డబ్బా వెనక మూత తీసి సెల్లులు మార్చాడు. కరెంటు లేనప్పుడు దరువులను గుర్తుంచుకునేది ఆ చిన్న సెల్లులే. అవి మార్చేటప్పుడు డబ్బాకు కరెంటు ఉండాలి, లేకపోతే లోపలున్నవన్నీ పోతాయి. అది డబ్బాతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. పుస్తకం ఇంట్లో ఉంది. కరెంటు ఆ పూట జగిత్యాలలో లేదు. కొత్త సెల్లులు వేసి మూత బిగించి, జనరేటరు రాగానే నొక్కి చూస్తే డబ్బా పసిపిల్లలా ఉంది. దానికి ఏ దరువూ తెలియదు.

సినిమా పాటల దరువులు రెండు రోజుల్లో మళ్లీ పేర్చుకున్నాడు. తండ్రి దరువు జోలికి పోలేదు. ఎందుకంటే పేర్చితే అది తను పేర్చిన రెండోది అవుతుంది, తండ్రి విన్నది కాదు. అలా అని ఎవరికీ చెప్పనూ లేదు. 'బాపు దరువు నా డబ్బలున్నది' అనే మాట అప్పటికే ఆయన పేరులో భాగమైపోయింది. తర్వాత డీజే బండ్లు వచ్చాయి. డప్పును పక్కకు నెట్టిన డబ్బాను డీజే వచ్చి పక్కకు నెట్టింది. ఐలయ్య సిరిసిల్ల వచ్చి సాంచాల మీద పనికి కుదిరి, ఇరవై మూడేళ్లు చేసి, కుడి భుజం అరిగాక మానేశాడు. డబ్బా మంచం కిందికి చేరింది. తండ్రి డప్పు తలుపు వెనక మేకుకు వేలాడింది, దాని మీద ఐలయ్య అంగీలు వేలాడాయి.

ఇదీ బుధవారం నాటి పరిస్థితి. ఆదివారానికి ఆ పిల్ల వస్తుంది. తండ్రి దరువు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉండాలంటే ఐలయ్య దగ్గరే ఉండాలి. లేకపోతే లేదు.

డబ్బా బయటికి తీశాడు. తుడిచాడు. కరెంటు పెడితే అది వెలగడం చూసి, తనకంటే గట్టి పిండం అనుకున్నాడు. బుధవారం మధ్యాహ్నమంతా కూర్చుని పేర్చాడు. డుమ్ము, డుమ్ము, తక, అన్నీ వచ్చాయి. మలుపు దెబ్బ మాత్రం కుదరదు. పదహారు మీటలంటే పదహారు గదులు. తొమ్మిదో గదిలో పెడితే దెబ్బ ముందే పడుతోంది. పదో గదిలో పెడితే బస్సు వెళ్లాక స్టాండుకొచ్చిన మనిషిలా ఉంది. బాలయ్య దెబ్బ ఆ రెండు గదుల మధ్య గోడలో ఎక్కడో ఉంది. గురువారం వేగం తగ్గించాడు. శుక్రవారం పెంచాడు. శనివారం ఆరో మీటను తిట్టాడు.

దుర్గవ్వ నాలుగు రోజులూ బీడీలు చుడుతూ విన్నది. శనివారం మధ్యాహ్నం అంది:

"గట్లనే ఉండె."

"ఎట్ల?"

"గప్పుడు కోరుట్లల నీ బాపుకు ఇనిపిచ్చినవ్ సూడు, గప్పుడు సుత గిట్లనే ఉండె. నేను ఆడ్నే ఉన్న గద, సాయ పెడుతున్న. మామ కాలు లేపిండు. నీ డబ్బ గా దెబ్బను టైముకే కొట్టె. ఆయన కాలు ఏంజేస్తది? దించుకున్నడు, బస్సెక్కిండు."

ఐలయ్య మంచం మీద కూర్చుండిపోయాడు. ముప్పయ్యేళ్లకు పైగా ఆయన మోసిన బరువు, తండ్రి దరువును జగిత్యాలలో పోగొట్టానని. ఇప్పుడు చూస్తే పోవడానికి అందులో ఏమీ లేదు. లేనిదాన్ని పోగొట్టుకుని, పోయినదాన్ని ఉందని చెప్పుకుని తిరిగాడు. దొంగతనం చేయకుండానే దొరికిపోతానని ఇన్నేళ్లు భయపడ్డ మనిషి ఇంకెవరైనా ఉన్నారేమోనని వెతికాడు. ఎవరూ తట్టలేదు.

"మరి గప్పుడే జెప్పద్దా?" అన్నాడు.

"కొత్త పెండ్లాన్ని. నీకు నల్లద్దాలుండె. ఎవలింటరు?"

ఆదివారం స్పందన కారులో వచ్చింది. జగిత్యాలలో తాత దామోదర్ రావును చూసి, మల్యాల మీదుగా వచ్చానంది. ముప్పై దాటని మనిషి, చేతిలో లాప్‌టాప్ సంచి.

"కూసోండ్రి దొరసానీ," అన్నాడు ఐలయ్య, నోటి అలవాటుగా.

ఆమె ముఖం ముడుచుకుంది. "తాతా, అట్ల పిలవకుండ్రి ప్లీజ్. స్పందన అనుండ్రి. గేటు బయట నిలబెట్టి కొట్టించుకున్న దరువు అని మా తాతనే చెప్పిండు. ఇప్పుడు అడగడానికి నేనే మీ గేటుకు వచ్చిన."

"మాకు గేటు లేదమ్మా," అంది దుర్గవ్వ. "తడకనే. లోపటికి రా."

ఆదివారం ఆ వీధిలో సాంచాలు బందు. అరవడానికి సాకు లేదు. ఐలయ్య గొంతు తగ్గించి, డబ్బా వైపు చూస్తూ, ఉన్నదంతా చెప్పేశాడు: సెల్లులు, జగిత్యాల, తండ్రి మడమ, ఎన్నడూ లేని దరువు. "నిన్ను ఉత్తగ తిప్పిన బిడ్డా. తప్పయింది," అన్నాడు.

స్పందన డబ్బా ఎడమ మూల వేలితో తడిమింది.

"ఇది ఎట్ల కరిగింది?"

అదీ చెప్పక తప్పలేదు. ఆమె నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక కళ్లు తుడుచుకుంది. "కానీ తాతా, మీరు చేసింది పూర్తిగ తప్పేం కాదు. అనలాగ్ కదా, వేడికి నిజంగనే సౌండ్ మారుతది. స్టేజీ మీద లైట్లకు వేడెక్కితే మేము మళ్ల ట్యూన్ చేసుకోవాలె."

ఐలయ్య ఛాతీ కొంచెం లేచింది. "ఇన్నవా?" అన్నాడు భార్యతో.

"ఇన్న. గడ్డి అంటువెట్టుమని గా పుస్తకంల ఉన్నదా అడుగు."

"ఆ దెబ్బ ఎంత లేటో చెప్పుండ్రి," అంది స్పందన లాప్‌టాప్ తెరుస్తూ. "సెకండ్ల వెయ్యో వంతు కూడా జరపచ్చు ఇందులో."

"గదే తెల్వది బిడ్డా. మలుపుకో తీరు ఉండె. మనుషులను జూసి ఆపేటోడు."

"అయితే కొట్టి చూపియ్యుండ్రి."

డప్పు ముట్టి నలభై ఏళ్లు దాటింది. ఐలయ్య తలుపు వెనక్కి వెళ్లి, ఒకటి రెండు కాదు, ఏడు అంగీలు తీసి మంచం మీద వేసి, డప్పు దించాడు. తోలు తమలపాకులా మెత్తగా ఉంది. వాకిట్లో ఇంత గడ్డి వేసి అంటించాడు. ఈసారి మంట మీద తిప్పింది డప్పునే కాబట్టి ఎవరూ పరుగెత్తుకురాలేదు. కుడిచేతికి చిర్ర అనే లావు కర్ర, ఎడమచేతికి సన్న పుల్ల. ఒకసారి తట్టి చూశాడు. వీధిలో ఒక కుక్క లేచి కూర్చుంది.

"ఒక్కనితోని గాదు," అన్నాడు. "టైముకు కొట్టేటోడొకడు ఉంటెనే, లేటు కొట్టేటోనిది లేటని తెలుస్తది. గంగారాం ఉండాలె."

స్పందన డబ్బాలో సాదా దరువు ఒకటి పేర్చింది. ఆరో మీటకు తిట్టు అవసరమని దుర్గవ్వ చెప్పింది. డబ్బా మొదలుపెట్టింది, డుమ్ము డుమ్మని, లెక్క తప్పకుండా. ఇన్నేళ్లకు దానికి తగిన ఉద్యోగం దొరికింది. అది గంగారాం.

ఐలయ్య కొట్టాడు. మలుపు వచ్చింది, దెబ్బ పడింది, డబ్బాతో పాటు, ఖచ్చితంగా. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఖచ్చితంగా. ఆపుదామని చూస్తే చెయ్యి ఆగదు. పదేళ్లు డబ్బా పక్కన నిలబడి, ఇరవై మూడేళ్లు సాంచాల మధ్య నిలబడి ఆ చెయ్యి బుద్ధిమంతురాలైపోయింది.

"సాంచ నడిషినట్టే ఉన్నది," అంది దుర్గవ్వ చాట మీంచి తలెత్తకుండా.

"నువ్వు ఊకో."

"పోగు తెగుతదేమో సూస్కో."

స్పందన రికార్డింగు ఆపలేదు. పది చుట్లయ్యాయి, పదిహేనయ్యాయి. ఐలయ్య అంగీ తడిసింది. ఇరవయ్యో చుట్టో ఏమో, అరిగిన కుడి భుజంలో కలుక్కుమంది. చిర్ర పైకి లేచి అక్కడే నిలిచిపోయింది. డబ్బా తన దెబ్బ తను కొట్టుకుని ముందుకు పోయింది. ఐలయ్య పళ్లు బిగించి, అయ్యో పోయిందిరా అనుకుంటూ, చేతిని ఎలాగో కిందికి తెచ్చాడు.

దెబ్బ పడింది.

అది పడ్డ తీరుకు ఆయనే చిర్ర జారవిడిచాడు. తల తిప్పి చూస్తే దుర్గవ్వ చేతులు ఆగి ఉన్నాయి. ఆమె కుడికాలి మడమ అప్పుడే నేలకు తాకింది. తాకిన చోట తంబాకు పొడి చెదిరి ఉంది.

"తాతా, అదే! అదే కదా?" స్పందన లేచి నిలబడింది.

"ఏమో బిడ్డా," అన్నాడు ఐలయ్య భుజం పట్టుకుని. "గది బాపుదో నొప్పిదో నాకైతే తెల్వది. నేను మాత్రం కొట్టలే."

"అవ్వా, మీరు చెప్పుండ్రి. అదేనా?"

దుర్గవ్వ తన కాలి వైపు చూసుకుంది. "నా పెండ్లి బరాత్‌ల మా మామ గింకొంచెం ఎక్కువనే ఆపిండు. గప్పుడు సన్నగుంటి, కాలు లేపుకొని నిలవడ్డ. ఇప్పుడు గంత ఆపితే వడిపోతుంటి." ఇంకో ఆకు తీసుకుంది. "గదే."

ఐలయ్య మాట్లాడబోయి, నోట మాట రాక, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. బాపుకు ఆశ్చర్యంతో మాట రాలేదని ఊరూరా చెప్పిన మనిషికి, మాట రాకపోవడం అంటే ఏమిటో ఇప్పుడు అర్థమైంది. స్పందన అది రికార్డయిందో లేదో రెండుసార్లు చూసుకుంది. అయింది. ఇంకా రెండు మూడు తీర్లలో కావాలి, వచ్చే ఆదివారం మళ్లీ వస్తానంది. చాయ్ తాగి, డబ్బా జారిన మూలను ఫోటో తీసుకుని వెళ్లింది.

కారు వీధి మలుపు తిరిగాక ఐలయ్య మంచం మీద కూలబడ్డాడు. "దుర్గా, గా భుజం మందు సీస ఇటియ్యి. పానం పోతున్నది."

దుర్గవ్వ లేచి, రోజూ పొద్దుమాపు తనే రాసే ఆ సీసా తీసుకుని, స్టూలు ఎక్కి, బీరువా పైన వెనక్కి తోసింది.

"ఐతారం దాంక ఇయ్య," అంది దిగుతూ. "పిల్ల మల్ల అస్తనన్నది గద."

ఐలయ్య ఎడమచెయ్యి చాపి చూశాడు. అందలేదు. మంచం మీద ఏడు అంగీలున్నాయి. వాటికి వేరే మేకు చూడాలి.